తప్పినోళ్ల కథ విందాం
2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. మన వాడ పిల్లలకు ఇంకో బరువుంది. ఇంట్లో మొదట చదివేది వీడే. తప్పితే అమ్మానాయనల కూలి డబ్బు మట్టిపాలని భయం. ఆ భయం మనకు చెప్పడు, హాస్టల్లో పక్కన పడుకునేవాడికి చెప్తాడు.

సంఘం మిత్రులారా! పాసైనోళ్లకు సన్మానాలు చాలా చేశాం. ఈ ఆదివారం అంబేద్కర్ విగ్రహం కాడ పిల్లల్ని కూచోబెట్టండి. తప్పి, సప్లిమెంటరీ రాసి నిలబడ్డ అన్నలూ అక్కలూ తమ కథ చెప్పాలి. పెద్దలం నీతులు చెప్పకుండా వెనక కూచుందాం (పంతుళ్లం, మాకూ కష్టమే!).

ఎవరి నోటైనా చావు మాట వింటే దోస్తులు దాచొద్దు, ఒంటరిగా వదలొద్దు, పెద్దలకు చెప్పాలి. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. హాస్టల్ గోడ మీద పెద్దక్షరాలతో రాయండి.