కామెర్లొచ్చిన మనిషి ముందు కంచం తీసేయకండి

తాగాడు, పోయాడు. కామెర్లతో కన్నుమూసిన ఆదివాసీ గురించి పట్నం ఇచ్చే తీర్పు ఇంతే. ఈ తీర్పును మేం ఒప్పుకోం. సారా కాలేయాన్ని తినేస్తుంది, నిజమే. వేల్పులకూ పెద్దలకూ పోసే ఇప్పసారాను రోజువారీ తాగుడుకు సాకుగా చూపేవాళ్లను మేం వెనకేసుకురాం. కానీ తాగి జబ్బుపడ్డవాడికి వైద్యమే లేదనడం అబద్ధం.

కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బినవాడికి పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తారు. జబ్బు తీవ్రమని తేలి, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ లేకపోతే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు ఇస్తారు. ఏడో రోజు మళ్లీ పరీక్ష. గుణముంటే 28 రోజులు వాడతారు, లేకుంటే ఆపేస్తారు. ఇది అందరినీ కాపాడే మందు కాదు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన పరిశీలన 2015లో వెలువడింది. మొదటి నెలలో కాస్త మేలు కనిపించినా మూడు నెలలకు తేడా మిగల్లేదు.

అందుకే తాగుడు పూర్తిగా మానడం, తిండి తినడం మందంత ముఖ్యం. కిలో బరువుకు రోజుకు 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. మరి ఇళ్లలో జరుగుతున్నదేమిటి? పసరు పోసి, పథ్యమని పప్పు, గుడ్డు, చేప ఆపేస్తున్నారు. పాడైన కాలేయం బలాన్ని దాచుకోలేదు. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. పడుకునే ముందు చోడి జావైనా పట్టాలి. పొట్టలో నీరుంటే తగ్గించాల్సింది ఉప్పు, తిండి కాదు.

రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి మాన్పించడం కూడా ఆసుపత్రి పనే. మద్యం దుకాణాలకు సరుకు పంపేది ప్రభుత్వ కార్పొరేషనే. సీసా కొండెక్కించగలిగిన ప్రభుత్వానికి మందు, గుడ్డు, పప్పు కొండెక్కించడం ఎందుకు చేతకాదు?

యువకులారా, టీచర్లారా! కామెర్లొచ్చిన మనిషిని పసరు దగ్గర ఆపకండి, ఆసుపత్రికి చేర్చండి. రోగికి రోజూ ఏం పెడుతున్నారో అక్కడ అడగండి. మద్యం అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. వచ్చే గ్రామసభలో ఆ మాట ఎత్తండి.