తీర్పు తీర్చే ముందు



మా బ్యాచ్‌లో చాలామందిమి ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పట్టా తెచ్చుకున్నవాళ్ళం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. ఈ సంచికకు చదువు గురించో, ఉద్యోగాల గురించో రాయవచ్చు. కానీ తొమ్మిదో తరగతిలో మేము చేసిన ఒక తప్పు గురించి రాయడమే న్యాయమనిపించింది.

ఆ ఏడు ఒక విద్యార్థి పరీక్ష ఫీజు డబ్బులు కనిపించలేదు. ఎవరూ చూడలేదు, సాక్ష్యం లేదు. అయినా అరగంటలో దొంగ ఎవరో తేల్చేశాం. మా గదిలో ఒక ఎరుకల వాళ్ళబ్బాయి ఉండేవాడు. "వాళ్ళ తాతలది అదే పనట" అని ఎవరో అన్నారు. అంతే! అతని ట్రంకు పెట్టె వరండాలోకి తెచ్చి బోర్లించాం. రెండు జతల బట్టలు, సబ్బుపెట్టె, వాళ్ళమ్మ ఇచ్చిన కారప్పొడి డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోతే దాచేశాడన్నాం. ఆ రాత్రి నుంచి మెస్‌లో అతని పక్కన ఎవరమూ కంచం పెట్టలేదు. వేరుగా కూర్చోబెడితే ఎలా ఉంటుందో మా అమ్మానాన్నలకు తెలుసు, మాకూ తెలుసు. తెలిసి కూడా చేశాం. దసరా సెలవులకు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తర్వాత ఆ డబ్బులు పోగొట్టుకున్న విద్యార్థి లెక్కల పుస్తకం అట్టలోనే దొరికాయి.

మాలో సగం మంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమే. తీర్పు తీర్చవద్దని యేసు చెప్పిన మాట చాలాసార్లు విన్నవాళ్ళమే. ఆ మాట మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. దాన్ని కొందరు తప్పును తప్పు అనకూడదని అర్థం చేసుకుంటారు. మాకు అలా అనిపించదు. ముందు నీ కంటిలోని దూలం తీసుకో, అప్పుడు ఎదుటివాడి కంటిలోని నలుసు తీయగలవని ఆయన చెప్పాడు. నలుసును వదిలేయమనలేదు. యోహాను సువార్త ఏడవ అధ్యాయంలో పైకి కనిపించేదాన్ని బట్టి కాక న్యాయంగా తీర్పు తీర్చమన్నాడు. మోషే ధర్మశాస్త్రం కూడా ఒక్కరి సాక్ష్యంతో ఎవరినీ దోషి అనకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలంటుంది. మా దగ్గర ఒక్క సాక్షి కూడా లేడు. కులం పేరే సాక్షి అయింది.

ఆ సాక్ష్యం ఎక్కడిదో డిగ్రీకి వచ్చాక చదువుకున్నాం. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో ఉంచి, రక్షణ సైన్యమనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. అక్కడ బడి ఉంది, ప్రార్థన ఉంది. కానీ పుట్టకముందే మనిషి మీద తీర్పు రాసిన చట్టం కిందే అదంతా నడిచింది. దేశమంతటా ఆ చట్టం 1952 నాటికి రద్దయింది. మా వరండాలో మాత్రం రద్దు కాలేదు.

"అంతా దేవుడే చూసుకుంటాడు, మీరు నోరు మూసుకోండి" అని పేదవాళ్ళకు చెప్పేవాళ్ళూ ఉన్నారు. అదీ సరికాదు. అన్యాయపు న్యాయాధిపతిని విడవకుండా అడిగిన విధవరాలి కథ యేసు చెప్పిందే. న్యాయం అడగడం వేరు, మనమే కోర్టు అయి కూర్చోవడం వేరు.

ఇక దేవుని తీర్పు సంగతి. మత్తయి ఇరవై ఐదవ అధ్యాయంలో ఆ దినం ఎలా ఉంటుందో చెప్పారు. అక్కడ రాజు ఎంతమంది దొంగలను పట్టావని అడగడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా, చెరసాలలో ఉన్నవాడిని చూడడానికి వెళ్ళావా అన్నదే లెక్క. చెరసాలలో ఉన్నవాడు నిర్దోషి అయితేనే వెళ్ళమని కూడా లేదు. నిజంగానే ఆ అబ్బాయి డబ్బులు తీసి ఉన్నా, మెస్‌లో అతని పక్కన కూర్చోవలసిన బాధ్యత మాకు తప్పేది కాదన్నమాట. ఈ సంగతి అర్థమయ్యాక మాకు భయం వేసింది. ఆ భయం మంచిదే అనుకుంటున్నాం.

తమ్ముళ్ళూ! రేపు మీలో ఒకరు టీచరవుతారు, ఒకరు ఎస్సై అవుతారు, ఒకరు న్యాయమూర్తి కుర్చీలోనే కూర్చోవచ్చు. ఆ అలవాటు ఇక్కడే, ఈ గదుల్లోనే మొదలవుతుంది. వస్తువు పోతే వార్డెన్ సారుకు చెప్పండి. ముందు మీ పుస్తకాలు వెతుక్కోండి. ఎవరి పెట్టె మీదా చెయ్యి వేయకండి.

వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులందరికీ ఆహ్వానాలు వెళ్ళాయి. అతనికి ఎక్కడికి పంపాలో మాకు తెలియలేదు. ఈ పత్రిక ఎలాగైనా అతని చేతికి చేరితే ఒక్క మాట: దొంగవు నువ్వు కాదు. నీ చదువును దొంగిలించింది మేము. క్షమించమని అడుగుతున్నాం. క్షమించడం, క్షమించకపోవడం నీ ఇష్టం.