దారి చూపే పుస్తకం

బెంగళూరుకు దక్షిణాన, ఆనేకల్ తాలూకాలో జిగణి ఉంది. అక్కడి పారిశ్రామికవాడలో గ్రానైటు బండలను పలకలుగా కోసి, నునుపు చేసి, విదేశాలకు పంపే కర్మాగారాలు ఉన్నాయి. ఆ వీధుల్లో కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపిస్తాయి. అక్కడ కోసిన రాయి సముద్రం దాటి ఏ దేశంలోనో ఒక ఇంటి నేలగా మారుతుంది. దానిని కోసిన మనిషిని "నీవెప్పుడైనా విదేశం చూశావా?" అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. విదేశయానం ధనవంతులకూ, పెద్ద చదువులు చదివినవారికీ మాత్రమే అని అతని నమ్మకం. ఈ నమ్మకం సగమే నిజం. డబ్బు లేకపోవడం ఒక అడ్డంకి. ఎంత డబ్బు కావాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద అడ్డంకి. ఈ రెండవదానిని తొలగించగలిగేది యాత్రికులకు దారి చూపే గైడు పుస్తకం.

ఇటువంటి పుస్తకం తెలుగువారికి కొత్త కాదు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారిలో తెలుసుకున్న సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఎప్పటికప్పుడు రాస్తూ వచ్చారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. గుడిగోపురాల వర్ణన కోసం ఆ పుస్తకం తెరచినవారికి అడుగడుగునా వేరే సంగతులు ఎదురవుతాయి. ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఏ అంగడిలో ఏ వస్తువులు దొరుకుతాయి, ఏ నదిని ఎలా దాటాలి అన్నవి అందులో ఉన్నాయి. నాటి కాశీయాత్ర ఒక విధంగా విదేశయాత్రే. నిజాం రాజ్యం, నాగపూరు రాజ్యం, కంపెనీ సీమ వరుసగా దాటాలి. రాజ్యం మారితే నాణెం మారేది. ప్రయాగలోనూ గయలోనూ కంపెనీవారు యాత్రికుల వద్ద పన్ను తీసుకునేవారు. తరువాత వెళ్లేవారికి ఇటువంటి వివరాలు ఎంతో అవసరం. వీరాస్వామయ్యది పేదవాని ప్రయాణం కాదన్నది వేరే మాట. ఆయన వెంట దాదాపు వందమంది పరివారం ఉంది.

చేతిలో కొద్దిపాటి సొమ్ముతో దేశాలు తిరిగేవారికి ఉపయోగపడే పుస్తకాలు తరువాతి కాలంలో వచ్చాయి. 1972లో టోనీ వీలర్, మోరీన్ వీలర్ అనే దంపతులు లండన్ నుంచి ఒక పాత కారులో బయలుదేరి, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, భారతదేశాల మీదుగా ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. సిడ్నీ చేరేసరికి వారి దగ్గర 27 సెంట్లు మిగిలాయి. "ఎలా వెళ్లారు? ఎంత ఖర్చయింది?" అని అడిగేవారు ఎక్కువ కావడంతో, 1973లో ఆ వివరాలన్నీ చిన్న పుస్తకంగా రాసి, తామే పిన్నులు కొట్టి అమ్మారు. లోన్లీ ప్లానెట్ సంస్థ అలా పుట్టింది.

ఆ పుస్తకం చూపిన దారి మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది. ఆ ఏడాది చివర సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో అడుగుపెట్టింది. దానితో యాత్రికుల రాకపోకలు ఆగిపోయాయి. కనుక గైడు పుస్తకంలో మొదట చదవవలసింది అది అచ్చయిన సంవత్సరం. బెంగళూరు అవెన్యూ రోడ్డులోని పాత పుస్తకాల అంగళ్లలో ఇటువంటివి చవకగా దొరకవచ్చు. చవక అని కొని, అందులోని మాటలను వేదవాక్యాలుగా నమ్మితే చిక్కే. ఖాట్మండులోని ధరహరా బురుజు ఎక్కి నగరం చూడమని పాత పుస్తకం చెబుతుంది. ఆ బురుజు 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో కూలిపోయింది. ఇప్పుడున్నది తరువాత కట్టినది. 2018లో నేపాల్ ప్రభుత్వం నూరు రూపాయలకు పైబడిన భారతీయ నోట్లను నిషేధించింది. అంతకు ముందు అచ్చయిన పుస్తకాన్ని నమ్మి పెద్ద నోట్లతో వెళ్లినవాడు అప్పట్లో ఇబ్బంది పడక తప్పేది కాదు.

మరొక లోపం ఇంతకంటే లోతైనది. ఇంగ్లీషులో వచ్చే ఈ పుస్తకాలు ఎక్కువగా పాశ్చాత్య పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకొని రాసినవి. సరిహద్దులోనే వీసా ఇస్తారన్న వాక్యం అతనికి నిజం, జిగణి యువకునికి అబద్ధం కావచ్చు. అతనికి చవక అనిపించే గది అద్దె ఇతనికి నాలుగు రోజుల కూలి కావచ్చు. నేపాల్ వీసా రుసుమును వివరించే పేజీ మాత్రం భారతీయునికి అక్కరలేదు. ఓటరు గుర్తింపు కార్డు చాలు. పదిహేనేళ్లు నిండి పద్ధెనిమిది నిండనివారికి పాఠశాల ప్రధానోపాధ్యాయులు ఇచ్చే గుర్తింపు పత్రం చెల్లుతుంది. ఈ సంగతి ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

పుస్తకం చేతిలో ఉంటే సాహసం ఎక్కడిదని కొందరు అంటారు. ఈ మాట ఒప్పుకోదగినది కాదు. కొండల్లో మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఆగి విశ్రాంతి తీసుకోవాలి. లేకపోతే తలనొప్పి, వాంతులతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఇది తెలియక ఎక్కినవానిది సాహసం కాదు, తెలియనితనం. అయితే ప్రతి పూటా పుస్తకం చెప్పిన చోటే తిని, అది చెప్పిన చోటే పడుకుంటే ఆ దేశం కనిపించదు. అదే పుస్తకం పట్టుకున్న మరి నలుగురు యాత్రికులు మాత్రం కనిపిస్తారు. బాంకాక్‌లోని ఖావోసాన్ వీధి అలాగే కిక్కిరిసింది.

చేతిలో ఫోను ఉండగా పుస్తకమెందుకన్నది నేటి ప్రశ్న. నేటి ధర, నేటి బస్సు వేళ ఫోనులోనే చూడాలి. కాని ఫోను అడిగినదానికే జవాబు చెబుతుంది. ఏమి అడగాలో తెలియనివానికి పుస్తకమే మేలు. ఏ నెలలో వర్షాలు, ఏ సరిహద్దు ఎటువంటిది, గుడిలోకి ఎలా వెళ్లాలి, ఎవరిని నమ్మకూడదు అన్నవన్నీ ఒకచోట కనిపిస్తాయి. అవి చదివి రోజు ఖర్చు కాగితం మీద వేసుకున్నవానికి కోరిక లెక్కగా మారుతుంది. నెలకు ఎంత దాచాలో తేలుతుంది. "అంత దూరం ఎందుకురా?" అనే తల్లికి చూపడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

తెలుగులో యాత్రాకథలకు కొదవ లేదు. బస్సు, బస, భోజనం, ఖర్చు లెక్కకట్టి చెప్పే పుస్తకాలే అరుదు. వీరాస్వామయ్య వేసిన బాటలో అటువంటివి రావాలి. అవి లండన్ నుంచి కాక జిగణి నుంచి మొదలుకావాలి. జిగణిలో సిటీ బస్సెక్కి మార్కెట్టు, అక్కడి నుంచి యశ్వంతపురం. యశ్వంతపురంలో గోరఖ్‌పూర్ రైలు, దాదాపు రెండు రోజుల ప్రయాణం. గోరఖ్‌పూర్ నుంచి బస్సులో సోనౌలీ. అక్కడ కమాను దాటితే నేపాల్. మన నూరు రూపాయలకు అక్కడివి నూట అరవై. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి.