అవ్వ అమ్మిన దయ్యాలు

‘సావనీరుకు ఏదన్నా సరదాగా, చిన్ననాటి ముచ్చట ఒకటి రాసియ్యండి సార్’ అని యూనియన్ విద్యార్థులు అడిగితే సరేనన్నాను. పాత విద్యార్థుల దగ్గర అందరూ ఆశించేది అదే గదా! మెస్సులో నీళ్ళచారు, పరీక్షల ముందు రాత్రి చాయ్, నవ్వి పేజీ తిప్పేసే సరుకు. నేనూ ఆ ఉద్దేశంతోనే కూచున్నాను. ‘మా కాలపు దయ్యం మిఠాయిలు’ అని పేరు కూడా పెట్టుకున్నాను. కానీ రాయగా రాయగా అది సరదాగా సాగలేదు. ఎందుకు సాగలేదో పాఠకులకు చెప్పుకోవడం న్యాయమనిపించి, ఆ పేరు కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.

అమెరికాలో ఉండే మా మేనకోడలు కొడుకు హాలోవీన్ మర్నాడు వీడియోలో కనబడి, తన బుట్ట చూపించాడు. జెల్లీతో చేసిన కనుగుడ్లు, పుర్రె బిళ్ళలు, పురుగుల్లాంటి మిఠాయిలు! ‘తాతా, మీ ఊళ్ళో ఇట్లాంటివి లేవు కదా?’ అన్నాడు జాలిగా.

లేకేం నాయనా!

తిరుమలగిరి అంగడి నాడు చౌరస్తా దగ్గర బొంబాయి మిఠాయి మనిషి నిలబడేవాడు. పొడుగాటి కర్ర, దాని తలమీద ఒక బొమ్మ, కర్రకు చుట్టిన గులాబిరంగు పాకం ముద్ద, దుమ్ము పడకుండా దానిపైన ఒక ప్లాస్టిక్ కాగితం. దారం లాగితే బొమ్మ తాళాలు కొట్టేది. ఆడపిల్లలు వాచీ, గొలుసు అడిగేవాళ్ళు. మాకు మాత్రం తేలు కావాలి. పాకం సాగదీసి, రెండు డెక్కలు మడిచి, కొండి పైకి తిప్పి అంగీ మీద అతికించేవాడు. ఆ తేలును నోట పెట్టకుండా ఇంటిదాకా మోసుకుపోయి, చెల్లెలిని భయపెట్టి, ఆమె ఏడ్చినాక కొండి విరిచి ఆమెకే పెట్టడం మా పద్ధతి.

పీచు మిఠాయిని హైదరాబాదు చుట్టాలు ‘బుడ్డీ కే బాల్’ అనేవారు. అంటే ముసలమ్మ వెంట్రుకలని తెలిసినాక రెండు అంగళ్ళ దాకా దాని జోలికి పోలేదు. మూడో అంగడికి పోయాను.

ఇక ఫాంటమ్ సిగరెట్లు. తెల్లటి చక్కెర పుల్లలు, చివర ఎర్రచుక్క, నోట్లో పెడితే పిప్పరమెంట్ చల్లదనం. ఆ పేరుగల ముసుగువీరుణ్ణి లీ ఫాక్ అనే ఆయన 1936లో సృష్టించాడు. 1964 నుంచి 1990 దాకా వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ అతణ్ణి మన దేశమంతా తిప్పింది. హిందీలో అతని పేరు వేతాళ్. ‘చందమామ’లో విక్రమార్కుడి భుజం మీది శవంలో ఉండే బేతాళుడూ, నోట్లో కరిగే ఈ వేతాళుడూ అన్నదమ్ములేమోనని చాలాకాలం అనుకునేవాణ్ణి.

అన్నిటికంటే గొప్పది ఎర్రబిళ్ళ. దాని పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. చప్పరిస్తే నాలుక, పళ్ళు, పెదవులు రక్తం తాగినట్టయ్యేవి. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా బడి నిండా దయ్యాలే!

ఈ ఎర్రబిళ్ళలు అమ్మేది ఒక అవ్వ. తిరుమలగిరికి దగ్గర్లో ఉన్న మా ఊరి పేరు ఇక్కడ రాయను. బడి ముందు వేపచెట్టు కింద గోనెసంచి పరిచి, నాలుగు గాజుసీసాలు పెట్టుకుని కూచునేది. పల్లిపట్టీలు, నిమ్మతొనలు, జీళ్ళు, ఎర్రబిళ్ళలు. తల ముగ్గుబుట్ట. ముందరి పన్ను ఒకటే మిగిలింది. నా అనేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆమెకు మంత్రాలొస్తాయని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మాకు గొంతు తగ్గించడం తెలియదు గనక ఎదురుగానే ‘దయ్యాలవ్వా!’ అని పిలిచేవాళ్ళం. అమావాస్య నాడు ఆమె దగ్గర బిళ్ళ కొన్నవాడు ఆ వారమంతా హీరో.

అవ్వ తెలివిగలది. మా భయమే తన గిరాకీ అని ఆమెకు తెలుసు. కళ్ళు తిప్పి, ఆ ఒక్క పన్నూ బయటపెట్టి, ‘రా బిడ్డా, నీ నెత్తురు తాగుత’ అనేది. మేము కేకలు పెట్టి పారిపోయి, మళ్ళీ వచ్చి ఐదు పైసలు పెట్టేవాళ్ళం. అప్పుడు నవ్వి ఒక బిళ్ళ కొసరు వేసేది. డబ్బుల్లేని రోజు ఉద్దెర కూడా ఇచ్చేది. రాసుకునేది కాదు. అన్నీ యాదికుండేవి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వాడలో ఒక పిల్లవాడికి జబ్బు చేసింది. వాంతులు, జ్వరం, అన్నం చూస్తే వెగటు. ఎవరు మొదలుపెట్టారో గాని, అవ్వ బిళ్ళలో ‘మందు పెట్టింద’న్న మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టి వచ్చింది. ఆ రాత్రి మా వాకిట్లో మంచాలు వేసుకుని నలుగురు పెద్దమనుషులు కూచున్నారు. పిల్లల్ని ఒక్కొక్కణ్ణే పిలిచి అడిగారు. ‘అవ్వ మీకేం పెట్టేది? ఏమనేది?’

నేను అబద్ధం చెప్పలేదు. ‘నెత్తురు తాగుత అన్నది’ అని చెప్పాను. ఆ మాట ఎట్లా అన్నదో, అంటూ ఎట్లా నవ్విందో, కొసరు ఎట్లా వేసిందో చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అందరూ నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. లోపల కొంచెం గర్వంగా కూడా ఉండిందని ఒప్పుకుంటున్నాను.

తెల్లారి బడికి పోతే వేపచెట్టు కింద గాజుపెంకులు, చీమలు పట్టిన బిళ్ళలు. అవ్వ లేదు. ‘కొట్టలేదు, పొమ్మన్నం అంతే’ అని పెద్దవాళ్ళు, ఏదో ఉపకారం చేసినట్టు, చాలారోజులు చెప్పుకున్నారు. మేము పెంకులు తీసేసి, బిళ్ళలు బోరింగు దగ్గర కడుక్కుని తిన్నాం. మందు పెట్టిందని రాత్రి సాక్ష్యం చెప్పినవాళ్ళమే పొద్దున ఏరుకుని తిన్నాం! పిల్లలకు తెలుసు, వాటిలో ఏమీ లేదని. పిల్లవాడికి కామెర్లని సూర్యాపేటలో డాక్టరు చెప్పాడు, నెలలో తేరుకున్నాడు. అయినా అవ్వను తిరిగి పిలుచుకొద్దామన్న మాట ఒక్క నోట రాలేదు.

ఇందుకే నాకు ‘ఆ రోజులే వేరు’ అనే వ్యాసాల మీద అనుమానం. జ్ఞాపకం తీపిని మాత్రమే ఉంచుకుని, సీసా ఎవరిదో మరిచిపోతుంది.

ఇది మన పల్లెల అజ్ఞానమేనని పట్నం మిత్రులు అనుకోవద్దు. హాలోవీన్ రోజున ఎవరో అపరిచితులు మిఠాయిలో విషమో, ఆపిల్‌లో బ్లేడో పెడతారని అమెరికా తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి వణికారు. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి పత్రికల్లో వచ్చిన వార్తలు వెతికి, 1985లో ఒక సహరచయితతో కలిసి వ్యాసం ప్రకటించాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంటింటికీ పంచిన మిఠాయి వల్ల ఏ బిడ్డా చనిపోయిన దాఖలా ఆయనకు దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు సైనైడ్ కలిపిన చక్కెరపొడి తిని చనిపోయిన మాట నిజం. కలిపింది కన్నతండ్రి, బీమా డబ్బు కోసం. తేడా ఒక్కటే. అక్కడ అనుమానం పేరులేని ‘ఎవరో’ మీద పడింది. మన దగ్గర అది వేపచెట్టు కింద కూచున్న, పేరున్న, ఎవరూ లేని మనిషి మీద పడుతుంది. బాణామతి, చేతబడి నెపంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, ప్రాణాలూ తీశారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకలేరట! మా అవ్వకు ఉన్నది ఒకటే పన్ను. అది దక్కించుకుని పోయిందని సంతోషించాలా? మహారాష్ట్ర 2013లో, కర్నాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో హత్యల కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఇంకా ఒక గడి ఉంటూనే ఉంది.

హేతువాద మిత్రుడొకాయన ఇదంతా విని, ‘అయితే పిల్లలకు దయ్యాల కథలూ, దయ్యం బొమ్మల మిఠాయిలూ ఉండనేకూడద’న్నాడు. ఇక్కడే నాకు ఆయనతో పేచీ. చక్కెర తేలు కొండి కొరికిన పిల్లవాడు భయాన్ని నమిలి మింగడం నేర్చుకుంటున్నాడు. అవ్వ ‘నెత్తురు తాగుత’ అంటే పారిపోయి మళ్ళీ వచ్చినవాడికి అది ఆటని తెలుసు. ఆట అని తెలియనిది మంచాల మీద కూచున్న పెద్దలకు. పిల్లల ఆటను తీసుకుపోయి సాక్ష్యంగా వాడుకున్నది వాళ్ళు. తప్పు దయ్యం కథది కాదు, దాన్ని పంచాయతీకి ఎక్కించినవాళ్ళది. అందులో నేనూ ఉన్నాను.

అలాగని ఆ మిఠాయిలన్నీ తిరిగి రావాలని నేననను. పాత సరుకంతా స్వచ్ఛమనే భ్రమ కూడా ఒక దయ్యమే. పీచు మిఠాయికి గులాబిరంగు కోసం రోడమిన్-బి అనే బట్టల రంగు వేస్తున్నారని తేలి, 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించాయి. మా నాలుకల మీది నెత్తుటి రంగు ఏ డబ్బాలోదో అప్పుడు ఎవరు అడిగారు గనక! చక్కెర సిగరెట్టు సంగతీ అంతే. పిల్లలను ఆకర్షించేలా పొగాకు వస్తువుల ఆకారంలో మిఠాయిలు, ఆటబొమ్మలు చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 16వ అధికరణం చెబుతుంది. ఆ ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది. రెండు వేళ్ళ మధ్య ఆ పుల్ల పట్టుకుని పొగ వదిలినట్టు నటించిన మా జట్టులో ఇద్దరు తర్వాత బీడీ ముట్టించారు. పుల్ల వల్లనే అనను. చేతికి ఆ వాటం మాత్రం అప్పటికే వచ్చేసింది.

తేలు మాత్రం కావాలి. రంగు లేకపోయినా ఫరవాలేదు, బెల్లం పాకంతో చేసినా ఫరవాలేదు. దురాజ్‌పల్లి లింగమంతుల జాతర రెండేళ్ళకోసారి జరుగుతుంది. ఆ జనంలో బొంబాయి మిఠాయి కర్ర కనిపిస్తే మన విద్యార్థులు ఫోటో తీసుకుని పోకుండా, నిలబడి కొనాలి. సెల్‌ఫోను పక్కన పెట్టి ఆయన వేళ్ళు చూడాలి. యూనియన్ వారు అక్టోబరు 31న దయ్యాల వేషాలు వేసినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ముసలమ్మ మంత్రగత్తె వేషం వేయబోయే ముందు ఆ విరబోసిన తెల్లజుట్టు, ఆ ఒంటిపన్ను ఎవరివో ఒక్కసారి అడిగి చూడండి. మీ ఊళ్ళో కూడా అటువంటి మనిషి ఒకరు ఉండి ఉంటారు. ఉంటే, ఆవిడ గురించి మీ ఇంట్లో ఏమనుకుంటారో కనుక్కుని రాయండి. వచ్చే ఏటి సావనీరుకు నా వ్యాసం కంటే అది పనికొస్తుంది.

అమెరికా మనవడికి తేలు గురించి, ఫాంటమ్ గురించి చెప్పాను. ఎర్రబిళ్ళ గురించి కూడా చెప్పాను. ‘అవి ఎవరు అమ్మేవాళ్ళు తాతా?’ అన్నాడు. అవ్వ సంగతి చెప్పడానికి అప్పుడు నోరు రాలేదు. ఇది అచ్చయినాక వాళ్ళమ్మకు పంపి చదివి వినిపించమంటాను.

సీసాలు పగిలిన ముందురోజు నేను ఉద్దెర తీసుకున్న రెండు ఎర్రబిళ్ళల ఖరీదు పది పైసలు. ఆ నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లదు. అవ్వ ఏ ఊరు పోయిందో ఆనాడు నేను అడగలేదు. తర్వాత అడిగితే చెప్పేవాళ్ళు లేరు.