పసివాడికి పనికివచ్చే డేరా



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నాకు చాలా నచ్చింది. విజయనగరం నుంచి ఆరవ తరగతి అమ్మాయి రాసింది. "సంక్రాంతి సెలవులలో నాన్నగారు మమ్మల్ని అరకు తీసుకువెళతామంటున్నారు. రెండు రాత్రులు అక్కడ డేరా వేసుకుని ఉంటామట. మా తమ్ముడికి రెండో ఏడు నడుస్తున్నది. ఆ చలిలో పసివాణ్ణి గుడ్డ కింద పడుకోబెట్టడానికి వీల్లేదని మా మామ్మ పట్టుబట్టింది. వాణ్ణి ఇంటి దగ్గర వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు. చంటిపిల్లలకు పనికివచ్చే డేరా అంటూ ఏదైనా ఉన్నదా? దాన్ని ఎలా పోల్చుకోవాలి?" అని అడిగింది.

అమ్మాయీ, ముందు మీ మామ్మగారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆవిడ భయం చాదస్తం కాదు. దాని వెనక లెక్క ఉన్నది, చూడు.

సబ్బుముక్కను నిడివి, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క సెంటీమీటరు ఉండేలా కోశామనుకో. దానికి ఆరు ముఖాలు. అంటే 1 ఘన సెంటీమీటరు సబ్బుకు 6 చదరపు సెంటీమీటర్ల పైభాగం ఉన్నది. ఇప్పుడు రెండేసి సెంటీమీటర్ల ముక్కను తీసుకో. దాని పైభాగం 24 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 8. అంటే ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు 3 చదరపు సెంటీమీటర్లే. వస్తువు చిన్నదైనకొద్దీ దాని పరిమాణానికి పైభాగం ఎక్కువ అవుతుంది. వేడి బయటికి పోయేది పైభాగం నుంచే గదా! అందుకే గ్లాసులో కాఫీ చల్లారినంత త్వరగా గుండిగలో నీళ్లు చల్లారవు. నాన్నగారు గుండిగ అయితే తమ్ముడు గ్లాసు. ఇద్దరూ ఒకే చలిలో పడుకున్నా, వాడి ఒంటి వేడి త్వరగా పోతుంది. పైగా చలి వేస్తున్నదని వాడు చెప్పలేడు.

ఇక అరకు సంగతి. అది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంచేత విశాఖపట్నం కంటె అరకు ఎత్తు వల్లనే దాదాపు ఆరు డిగ్రీలు చల్లన. జనవరిలో మబ్బులేని రాత్రులలో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలివేస్తుంది గనక తెల్లవారుజామున చలి ఇంకా ఎక్కువ. మంచు కూడా బాగా కురుస్తుంది.

అయినా తమ్ముణ్ణి వదిలి వెళ్లనవసరం లేదు. బడిలో పరీక్ష పెట్టినట్టే డేరాకు కూడా పరీక్ష పెట్టాలి. నెగ్గితేనే తీసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఎంత పెద్దది కావాలి? దుకాణంలో "నలుగురికి" అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మేముందు టేపు పెట్టి కొలవండి. సాధారణంగా మనిషికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్క వేసి ఆ అంకె రాస్తారు. నలుగురికి 240 సెంటీమీటర్లు. నలుగురూ అగ్గిపుల్లల్లా కదలకుండా పడుకుంటే సరిపోతుంది. సామాను ఎక్కడ పెడతారు? పసివాడు నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతాడు గదా! గోడవైపు దొర్లితే, చెమ్మపట్టిన గుడ్డ తగిలి వాడి పక్క తడుస్తుంది. అంచేత మీ నలుగురికి ఆరుగురి డేరా చూడండి. తమ్ముణ్ణి అమ్మకూ నాన్నగారికీ మధ్య పడుకోబెట్టండి.

అలాగని పెళ్లిపందిరి అంతది కొనరాదు. పెద్ద డేరాకు చదునైన నేల ఎక్కువ కావాలి. పొడుగైనదానికి గాలి ఎక్కువ తగులుతుంది. నడుమ అమ్మ నిటారుగా నిలబడి తమ్ముడికి బట్టలు మార్చగలిగితే చాలు. మూడు రోజులు నడుం వంచి పసివాణ్ణి ఎత్తుకోవడం ఎంత కష్టమో అమ్మనే అడగండి.

రెండవ ప్రశ్న: గోడ ఒక పొరా, రెండు పొరలా? నిద్రపోతున్న మనిషి ఊపిరిలోనూ చర్మం నుంచీ రాత్రికి సుమారు ఒక గ్లాసెడు నీరు ఆవిరిగా వదులుతాడు. నలుగురంటే నాలుగు గ్లాసులు! ఆ ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది. తెల్లవారి "డేరా కారింది" అని అందరూ దుకాణదారుణ్ణి తిడతారు గాని, చాలాసార్లు అది వాన కాదు, వాళ్ల ఊపిరే. రెండు పొరల డేరాలో లోపలి గుడ్డ ఆవిరిని బయటికి పోనిస్తుంది. పై పొర వానను ఆపుతుంది. ఆవిరి ఆ పై పొరకు తగిలి బొట్లు కట్టి కిందికి జారిపోతుంది. రెండింటికీ నడుమ నాలుగైదు వేళ్ల ఎడం ఉండాలి. పైన ఒకటి, కింద ఒకటి గాలి కంతలు ఉండాలి. చలి అని వాటిని పూర్తిగా మూయరాదు. లోపలి పొర అంతా దోమతెరే అయితే మైదానంలో వేసవికి హాయిగా ఉంటుంది గాని, కొండమీద చలికి పనికిరాదు. గుడ్డ ఎక్కువ, తెర తక్కువ ఉన్నది ఎంచుకోండి.

మూడవ ప్రశ్న: నీరు ఆగుతుందా? గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీరు పోస్తూ పోతారు. అడుగున మూడు చోట్ల చుక్కలు కనబడేసరికి నీటి ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో, అదే ఆ గుడ్డ బలం. పై పొరకు 1500 ఉంటే మామూలు వానకు ఆగుతుంది; 3000 అయితే ఇంకా మంచిది. అడుగుపట్టకు అంతకంటె ఎక్కువ కావాలి. ఎందుకంటే మోకాలు మోపినచోట తడినేల మీద బరువు పడి నీరు పైకి వస్తుంది. అడుగుపట్ట అంచులు బేసినులా జానెడు పైకి లేచి, గోడకు కలిపి కుట్టి ఉండాలి. అప్పుడు నీరూ రాదు, తేళ్లూ జెర్రులూ దూరవు.

కాన్వాసు గుడ్డ తడిస్తే నూలు ఉబ్బి కంతలు మూసుకుంటాయి. లోపల గాలీ బాగుంటుంది. కాని బరువు చాలా ఎక్కువ. తడి ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది. పాలియెస్టరు తేలిక, త్వరగా ఆరుతుంది. ఒక చేత తమ్ముణ్ణి ఎత్తుకోవలసిన మీకు తేలికదే నయం.

నాలుగవ ప్రశ్న తమ్ముడిదే. పసివాడు దేన్నైనా లాగుతాడు, నోట పెడతాడు, తలుపు తీసుకుని పోతాడు. జిప్పు కొసలను పైకి లాగి, వాడికి అందని ఎత్తున కలిపి కట్టడానికి వీలుండాలి. డేరాను బిగించే తాళ్లకు తెల్ల గుడ్డపీలికలు కట్టాలి. లేకపోతే వాడేమిటి, మీరు కూడా తట్టుకుని పడతారు. ప్రతి కిటికీకీ, ప్రతి ద్వారానికీ సన్నని దోమతెర ఉండాలి. మలేరియా దోమ రాత్రి కుడుతుంది. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. కనక తమ్ముడి పగటినిద్రకూ తెర వెయ్యవలసిందే. కాని ఎండలో ఉన్న మూసిన డేరాలో వాణ్ణి ఎన్నడూ పడుకోబెట్టరాదు. తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారులాగే అదీ క్షణాలలో కాగిపోతుంది.

డేరా ఎంత మంచిదైనా కింది చలిని అది ఆపదు. నేల మన ఒంటి వేడిని లాగేస్తుంది. ఒత్తుకుపోయిన దుప్పటిలో గాలి నిలవదు గనక అది వేడిని ఆపలేదు. అంచేత పైన కప్పుకునేదానికంటె కింద పరచుకునేది ముఖ్యం. మందమైన నురుగు చాపలు వేసి, వాటిమీద బొంతలు పరచండి. తమ్ముడికి పొరలు పొరలుగా బట్టలు తొడగండి. వాడి ముఖం మీదికి దుప్పటి జరగకుండా చూడండి.

ఇప్పుడు తప్పనిసరి ప్రశ్న. తక్కినవాటికి నూటికి నూరు వచ్చినా, ఇందులో తప్పితే పరీక్ష పోయినట్టే. డేరాలో కుంపటి పెట్టరాదు. పొయ్యి వెలిగించరాదు. మంట ఆరిన నిప్పుల పళ్లెం కూడా లోపలికి తేరాదు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటు ఉండదు. నిద్రపోయేవాడు నిద్రలోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. పసివాళ్లు త్వరత్వరగా ఊపిరి పీలుస్తారు కనక వాళ్లకు ముందుగా ముప్పు. చలికి ఓర్వలేక, అందరూ పెద్దవాళ్లే ఉండి కూడా ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. నిప్పు బయట, నలుగురూ చుట్టూ కూర్చుని కాగడానికే. పడుకునేముందు దాన్ని నీళ్లుపోసి ఆర్పాలి.

పెద్దలకు ఒక మాట. డేరా ఖరీదైన వస్తువు. మొదటిసారి అద్దెకు దొరికితే అద్దెకే తెచ్చుకోండి. ప్రయాణానికి వారం ముందు పెరటిలో వేసి, బిందెడు నీళ్లు కుమ్మరించి చూడండి. ఒక రాత్రి అందరూ అందులో పడుకోండి. పసివాడు కొత్తచోట ఏడిస్తే ఇల్లు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. బయలుదేరేముందు వాతావరణశాఖ హెచ్చరికలు చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు పెద్ద పెద్ద చెట్లే కూలినవి. తుపానుగాలికి ఏ డేరా ఆగదు. అరకులో బసకు గదులు దొరుకుతాయి. పిల్లవాడికి రొంప పట్టినా, చలి మితిమీరినా, డేరాలో పగలు ఆడుకుని రాత్రి గదిలో పడుకోవడం ఓటమి కాదు, తెలివి.

అమ్మాయీ, ఈ పేజీ మీ మామ్మగారికి చదివి వినిపించు. పెరటిలో వేసిన డేరాను ముందుగా ఆవిడకే చూపించి, మార్కులు ఆవిడచేతనే వేయించు. పిల్లల్ని పెంచినవారి కంటికి, మనకు తోచని లోపాలు కనబడతాయి.

తక్కిన పిల్లలు ఈ నెల చేయవలసిన పని: రెండు గాజుగ్లాసులు తీసుకుని, ఒకదానిలో ఐసునీరు, రెండవదానిలో మామూలు నీరు పోసి బల్లమీద పెట్టండి. పావుగంట తరవాత ఏ గ్లాసు వెలుపల తడి పట్టింది? ఆ తడి ఎక్కడినుంచి వచ్చింది? డేరా గోడకూ ఆ గ్లాసుకూ పోలిక ఏమిటి? మీ సొంత మాటలలో రాసి పంపండి.