కుట్లు విప్పకముందే రెండవ బిల్లు

మా వదినగారికి గర్భాశయము తొలగించే శస్త్రచికిత్స జరిగినది. ఆసుపత్రివారు ముందుగానే ‘ప్యాకేజీ’ అని ఒక మొత్తము చెప్పారు, కట్టాము. ఇంటికి వచ్చిన నాలుగవనాడు జ్వరము, కుట్ల దగ్గర చీము. తిరిగి చేర్చుకొని, గాయము తెరచి శుభ్రపరచి, తొమ్మిది రోజులు ఉంచారు. ఈసారి బిల్లు మొదటి ప్యాకేజీని మించిపోయినది. ఇదేమని అన్నయ్య అడుగగా, “ప్యాకేజీ ఆపరేషన్ వరకేనండీ, కాంప్లికేషన్లు అందులోకి రావు” అని కౌంటరులోని అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పినది. అన్నయ్య సంతకము చేసిన కాగితములో ఆ మాట నిజముగానే ఉన్నది. మాలో చదివినదెవరు?

కోయడము, కుట్టడము మాత్రమే శస్త్రచికిత్స అనుకుంటే ఆ అమ్మాయి మాట సరియైనదే. కాని సుశ్రుతాచార్యులు పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడు దశలు చెప్పారు. గాయపడినవారి సంరక్షణకు సూత్రస్థానములో ఒక అధ్యాయమునే కేటాయించి, వేపాకు, ఆవాలు, నెయ్యి, ఉప్పుతో రోజుకు రెండు పర్యాయములు, పది దినములు ధూపము వేయమన్నారు. గాయము మానేవరకు వైద్యుని పని ముగియదన్నమాట.

ఇది పాతకాలపు ఆదర్శమని కొట్టివేయనక్కరలేదు. అమెరికాలో వృద్ధులకై ప్రభుత్వము నడిపే మెడికేర్ బీమాలో, పెద్ద ఆపరేషన్‌కు సర్జనుకిచ్చే రుసుములోనే తరువాతి 90 రోజుల సంరక్షణ కలిసి ఉంటుంది. మళ్ళీ ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళవలసివస్తే తప్ప, ఉపద్రవముల చికిత్సకు ఆయన వేరుగా వసూలు చేయరాదు. అంత దూరమెందుకు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనూ ఆసుపత్రిలో ఉండగా తలెత్తే ఉపద్రవముల ఖర్చు చేరియే ఉన్నది. ప్రభుత్వము కట్టే సొమ్ముకు ఒప్పుకొన్న నియమము, గృహస్థు చేతి సొమ్ముకు ఎందుకు వర్తించదు?

చీము పట్టిన ప్రతిసారీ తప్పు వైద్యులదే అనను. వదినగారికి మధుమేహము ఉన్నది. ఆ సంగతి వారికి ముందే తెలుసు. అందరి ప్యాకేజీలోనూ కొద్దిపాటి సొమ్ము అధికముగా చేర్చి ఆ భారమును పంచవచ్చును గదా! ఏ దురదృష్టవంతుని ఇంటిమీదనో మొత్తము పడవేయడము న్యాయము కాదు.

సంతకమునకు ముందు “ఉపద్రవము వస్తే ఎన్ని రోజుల వరకు ప్యాకేజీలోకి వస్తుంది?” అని అడిగి, జవాబు కాగితముపై వ్రాయించుకోండి. ఖర్చుల వివరములతో బిల్లు పొందడము రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రూపొందించిన పత్రము చెబుతున్నది. సొమ్ము తీసుకొని చేసే వైద్యము వినియోగదారుల చట్టము పరిధిలోనిదేనని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పునిచ్చినది.

ఇంకొక మాట దాచకూడదు. కుట్లు ఎర్రబడగానే పసుపు అద్దమని చెప్పినది నేనే. రెండు రోజులు పోయాయి. ఆపరేషన్ గాయము ఎర్రబడినా, జ్వరము వచ్చినా ఇంటి వైద్యము వద్దు, ఆనాడే సర్జనుకు చూపించండి. వదినగారు కోలుకున్నారు. రెండవ బిల్లుకు చేసిన అప్పును అన్నయ్య ఇంకా నెలనెలా తీరుస్తున్నారు.