అడవి దాటినా తగ్గని దడ

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దండు మొదలయ్యాక అక్కడి బస్తర్ పల్లెలు వదిలి వేలాది ఆదివాసులు ఖమ్మం అడవులకు చేరారు. ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్పీఓలుగా) దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరి ఒంట్లో మిగిలిన భయం మాటేమిటి?

భయపడగానే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురంపుతుంది. వాటి నుంచి వచ్చే కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో పెరుగుతుంది. పనయ్యాక ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పాల్సిందీ ఆ కార్టిసాలే; దాన్ని కాలేయం విరిచేస్తే మూత్రంలో పోతుంది. ఇలా వదలని భయం డిప్రెషన్‌కు దారితీయవచ్చు. తీవ్రమైన డిప్రెషన్‌ ఉన్న చాలామందిలో ఆ ‘చాలు’ మెదడుకు సరిగా అందదు. నిద్ర, ఆకలి చెడతాయి. ఈ స్థితిని పిరికితనం అనడం అన్యాయం.

వలస గూడేలకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తలు జ్వరం సంగతితో పాటు నిద్ర సంగతీ, అక్కడివాళ్ల కోయ మాటలోనే అడగాలి.